గుండ్రటి కోట, సాగిన ఊరు

కాకతీయుల తొలి రాజధాని హనుమకొండ. రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించింది అక్కడే. గుట్టలను ఆనుకుని పెరిగిన ఆ ఊరికి ఒక గీత ప్రకారం వేసిన ఆకారం లేదు. రాజధాని ఆగ్నేయంగా ఓరుగల్లుకు, అంటే నేటి వరంగల్‌కు, మారాకే అలా గీత గీసి వేసిన నగరం వెలిసింది. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమదేవి ఎత్తు పెంచి బలపరిచింది.

రాతికోట సుమారు 1.2 కిలోమీటర్ల అడ్డుకొలత గల వలయం. సున్నం వాడకుండా గ్రానైటు దిమ్మెలను ఒకదానికొకటి కూర్చి గోడ లేపారు. దానికి 45 బురుజులు, చుట్టూ అగడ్త. ఆవల దాదాపు రెట్టింపు వెడల్పున మట్టికోట. నాలుగు దిక్కులా నాలుగు దర్వాజలు ఉన్నా, లోపలికి దారి తిన్నగా పోదు. గోడల మధ్య లంబంగా మలుపులు తిరుగుతుంది. దూసుకొచ్చే సేన వేగం అక్కడ చచ్చిపోవాలన్నదే ఉద్దేశం. నాలుగు దారులూ నడుమనున్న స్వయంభూ శివాలయం వైపు సాగేవి. గుడి ఆవరణకు నాలుగు వైపులా కీర్తితోరణాలు నిలిచాయి.

1323లో ఢిల్లీ తుగ్లక్‌ల సేనలు కోటను గెలుచుకున్నాక గుడి పోయింది, తోరణాలు మిగిలాయి. ఆ చేరువలోనే ఉన్న ఖుష్ మహల్‌లో కాకతీయుల స్తంభం, దూలం పద్ధతి లేదు; ఏటవాలు గోడలు, పెద్ద కమానులు. దాన్ని తుగ్లక్‌ల కట్టడమనేవారూ ఉన్నారు, తర్వాత ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్‌దనేవారూ ఉన్నారు. ఏదైనా, రెండు నిర్మాణ పద్ధతులు అంత దగ్గరగా కనిపించే చోట్లు తెలుగు నేలపై అరుదు.

తర్వాతి శతాబ్దాల్లో రాజధాని హోదా పోయి, కోట లోపల పొలాలు, తూర్పుకోట, పడమరకోట, మధ్యకోట వంటి వాడలు మిగిలాయి.

ఊరిని మళ్లీ కదిలించింది రైలు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ మీదుగా వచ్చిన లైను 1889లో బెజవాడ చేరింది. 1929 నాటికి కాజీపేట, బల్లార్షా మార్గం పూర్తవడంతో కాజీపేట పెద్ద జంక్షన్ అయింది. 1934లో ఆజంజాహి మిల్లు, 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. వలయంగా పుట్టిన నగరం ఇలా కాజీపేట, హనుమకొండ, వరంగల్‌లను కలిపే రోడ్డు వెంట బారుగా సాగింది. మూడు ఊళ్లకు మూడు తీరులు: రైల్వే క్వార్టర్లు ఒకచోట, ఆఫీసులూ కాలేజీలూ ఒకచోట, బేరసారాల బజార్లు ఒకచోట.

ఈ పెరుగుదలకు కాకతీయుల ముందుచూపు తోడు రాలేదు. వానకాలంలో నీళ్లు పారే నాలాల పక్కనే కాలనీలు లేచాయి. 2020 ఆగస్టు వానలకు వాటిలో చాలావరకు మునిగాయి. మట్టికోటనూ ఇళ్లూ రోడ్లూ అక్కడక్కడ కోసేశాయి. తోరణాలకు దక్కే శ్రద్ధ ఆ మట్టికట్టకు దక్కడం లేదు. నగరం అసలు ఆకారాన్ని చూపే ఆధారం మాత్రం అదే.