గుడ్డి కొంగ: చూడటం, ఫొటో తీయడం

గుడ్డి కొంగకు చూపు బాగానే ఉంటుంది. మనిషి దగ్గరికొచ్చేదాకా కదలదని మన పెద్దలు ఆ పేరు పెట్టారు. తమిళంలో కురుట్టు కొక్కు అన్నా అర్థం అదే. చెన్నైలోని మా ఇళ్లల్లో పిల్లలకు తమిళ పేరు వచ్చు, తెలుగు పేరు రాదు. అందుకే ఇది రాస్తున్నాం.

పళ్లికరణై చిత్తడి నేల (2022లో రామ్‌సర్ గుర్తింపు పొందింది) దగ్గరైనా, ఏ చెరువు గట్టునైనా ఇది కనిపిస్తుంది. పొడవు మూరెడు. మట్టిరంగు చారలతో బురదలో కలిసిపోతుంది. ఎగిరిందా, రెక్కలు తెల్లగా మెరుస్తాయి! గూడు కట్టే వానాకాలంలో వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. బూడిదరంగు నారాయణ పక్షి దీని బంధువే, పొడవు రెట్టింపు. రెండూ మెడ ముడుచుకుని ఎగురుతాయి. ఎర్రకాళ్ల కొంగ మెడ చాచి ఎగురుతుంది; పేరుకే కొంగ, దాని కుటుంబం వేరు.

ఫొటోకు ఖరీదైన కెమెరా అక్కర్లేదు. పొద్దున్నే ఎండ మన వీపున పడేలా నిలబడి, పక్షి కంటి మీద ఫోకస్ పెట్టి ఆగాలి. మెడ మెల్లగా ముందుకు సాగిందంటే చేపను పొడవబోతోందన్నమాట. గూళ్లున్న చెట్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. తల్లి లేస్తే గుడ్లు కాకుల పాలు. ఫొటో వాట్సాప్‌లో పంపేటప్పుడు కింద తెలుగు పేరు కూడా రాయండి.