మఱుగుపడిన గుణము

తల్లిదండ్రులలో కానరాని రోగముతో బిడ్డ పుట్టినచో, మన యిండ్లలో నింద ముందుగా కోడలిపై పడుచుండును. ఆ నింద యెంత నిరాధారమో బఠాణీ మొక్కల చరిత్ర తెలుపుచున్నది.

నేడు చెక్ దేశమునకు చేరిన బ్ర్నో నగరము నాడు ఆస్ట్రియా సామ్రాజ్యములోనిది. అచ్చటి క్రైస్తవమఠమున గ్రెగర్ మెండెల్ అను సన్న్యాసి యుండెను. తల్లిదండ్రుల గుణములు సంతానమున పాలునీళ్లవలె కలిసిపోవునని నాడు పలువురు తలంచుచుండిరి. మెండెల్ వాదమునకు దిగక, 1856 మొదలు 1863 వఱకు మఠపు తోటలో బఠాణీలను పెంచి, ఫలితములను లెక్కించి చూచెను.

పూవు విచ్చకమునుపే కేసరములను తొలగించి, వేఱొక మొక్క పుప్పొడిని తన చేతితో నద్దెను. గుండ్రని గింజల జాతిని ముడుతల గింజల జాతితో కలుపగా, తొలి తరమున గింజలన్నియు గుండ్రనివే. ముడుత నశించెనా? ఆ గింజలను నాటి, మొక్కలను తమ పుప్పొడితోనే ఫలింపనీయగా 7,324 గింజలు లభించెను. వానిలో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి; ఇంచుమించు మూటి కొకటి.

కారణ మిది. ఇట్టి గుణమునకు మొక్కలో రెండు కారకములు గలవు. తల్లి నుండి యొకటి, తండ్రి నుండి యొకటి. గుండ్రదనపు కారక మొక్కటి యున్నను పైకి కనబడును. అది బహిర్గత గుణము. ముడుత రెండు కారకములును తనవే యైనగాని కనబడదు. అది అంతర్గత గుణము. మఱుగుపడినది నశించినది కాదు.

1866 లో అచ్చయిన ఈ వ్యాసమును లోకము పెద్దగా గమనింపలేదు. 1884 లో మెండెల్ మరణించెను. 1900 లో గాని యిది మరల వెలుగు చూడలేదు. 1902 లో ఆర్చిబాల్డ్ గారడ్ అను ఆంగ్లవైద్యుడు, మూత్రము నల్లబడు నొక యరుదైన వ్యాధిని గూర్చి వ్రాయుచు, రోగుల తల్లిదండ్రులు ఆరోగ్యవంతులే యైనను, వారిలో పలువురు దగ్గఱి రక్తబంధువులని చూపెను. అది అంతర్గత గుణపు నడవడియే.

మేనరికములు గల మన తెలుగునాట ఈ సంగతి యోచింపదగినది. ఒకే తాత నుండి వచ్చిన మఱుగు కారకము బావమరదండ్ర నిరువురిలోను ఉండుట కవకాశ మెక్కువ. ఇరువురిలోను ఉన్నచో, ప్రతి కాన్పునను రోగము బయటపడు సంభవము నాలుగింట నొక పాలు. అట్టి బిడ్డకు తల్లి యిచ్చిన దొక కారకము. తండ్రి యిచ్చినదియు నొకటి. కోడలిని దూఱుట మాని, పెండ్లికి ముందే ఉభయ వంశముల రోగములను విచారించుట వివేకమని మేము తలంచుచున్నాము.