గోళకీ మఠము: నర్మదా తీరము నుండి కృష్ణా తీరమునకు

నర్మదా తీరమున వెలసిన జబల్‌పురమునకు పోవు యాత్రికులు సామాన్యముగా మూడు ఉద్దేశములతో పోవుదురు. గ్వారీఘాట్, తిల్వారాఘాట్‌లలో స్నానమాడి దేవదర్శనము చేయువారు కొందరు. భేడాఘాట్ వద్ద చలువరాతి కొండల నడుమ ఇరుకుగా ప్రవహించు నదిని, ధుఁవాధార్ జలపాతమును చూడగోరువారు మరికొందరు. అచటి నుండి కాన్హా, బాంధవగఢ్, పెంచ్ అరణ్యములకు సాగి పులులను చూడవలెనను కుతూహలము గలవారు ఇంకొందరు. ఆంధ్రదేశ చరిత్రను అభ్యసించువారు ఆ నగరమునకు పోవుటకు నాల్గవ కారణ మొకటి గలదు. కాకతీయుల నాడు కృష్ణాతీరమున విద్యాలయమును, వైద్యశాలను, అన్నసత్రమును నెలకొల్పిన శైవాచార్యుల పరంపర ఆ ప్రాంతమునుండియే వచ్చినది. ఈ సంబంధమునకు గల శాసనాధారములను ఇచట పరిశీలింపదలచినాము.

మొదట మన శాసనమును చూతము. గుంటూరు జిల్లాలోని మందడమునకు చేరువనున్న మల్కాపురమున ఒక శిలాస్తంభము గలదు. దానిపై శక సంవత్సరము 1183, అనగా క్రీ.శ. 1261 నాటి శాసనము చెక్కబడినది. దీనిని జయంతి రామయ్య పంతులుగారు ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రికయందు ప్రకటించిరి. కాకతీయ గణపతిదేవుడు తన దీక్షాగురువగు విశ్వేశ్వర శంభువునకు మందడ గ్రామమును వాగ్దానము చేసెననియు, ఆయన కుమార్తె రుద్రమదేవి ఆ గ్రామముతోపాటు వెలగపూడిని, కృష్ణానదిలోని లంకలను ధారపోసెననియు ఇందు గలదు. విశ్వేశ్వర శంభువు అచట దేవాలయమును, మఠమును, సత్రమును స్థాపించి, ఆ అగ్రహారమునకు విశ్వేశ్వర గోళకి యని పేరిడెను. అరువది ద్రావిడ బ్రాహ్మణ కుటుంబములను రప్పించి వారికి భూములిచ్చి, మిగిలిన భూమిని మూడు భాగములు చేసెను. ఒక భాగము దేవునికి. రెండవది విద్యార్థులకును మఠమునకును. మూడవది ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, సత్రమునకును.

ఈ మూడవ భాగము మిక్కిలి గమనింపదగినది. దేవాలయమునకు మాన్యమిచ్చిన శాసనములు మనకు కొల్లలుగా కలవు. ప్రసవమగు స్త్రీల కొరకు ప్రత్యేకముగ ఒక శాలను నెలకొల్పి, దాని పోషణకు భూమిని కేటాయించిన శాసనములు మిక్కిలి అరుదు. వేదములు మూటికి ముగ్గురు, పద వాక్య ప్రమాణ సాహిత్య ఆగమములకు ఐదుగురు ఉపాధ్యాయులను నియమించి, వారికి తోడుగా ఒక వైద్యుని, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుని ఈ శాసనము ఏర్పరచినది. సత్రమున బ్రాహ్మణులు మొదలు చండాలుర వరకు అందరికిని ఎడతెగక అన్నము పెట్టవలెనని విధించినది. ఇట్టి వ్యవస్థను రూపొందించిన గురుపరంపర ఎచటిది? ఈ ప్రశ్నయే మనలను నర్మదా తీరమునకు తీసికొనిపోవుచున్నది.

శాసనమే సమాధానమును సూచించుచున్నది. గంగా నర్మదల మధ్య డాహల మండలము గలదు. అచట సద్భావ శంభువను శైవాచార్యునకు కలచురి రాజగు యువరాజదేవుడు మూడు లక్షల గ్రామములను భిక్షగా సమర్పించెను. ఆ గురువు గోళకీ మఠమును స్థాపించి, వాని నన్నిటిని మఠమునకు వృత్తిగా నొసగెను. గ్రామముల సంఖ్య అతిశయోక్తి కావచ్చును. కాని మఠమునకు కలచురి రాజుల ఆశ్రయము లభించెనను అంశమును త్రోసిపుచ్చవలసిన పనిలేదు.

డాహల కలచురుల రాజధాని త్రిపురి. ఆ పేరు తెలుగువారికి మరియొక విధముగ పరిచితమే. 1939 జనవరిలో జరిగిన కాంగ్రెసు అధ్యక్ష పదవి ఎన్నికలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారిపై సుభాస్ చంద్రబోసు గెలుపొందిన పిదప, మార్చి నెలలో మహాసభ జరిగినది ఈ త్రిపురిలోనే. నేడది జబల్‌పురమునుండి భేడాఘాట్‌కు పోవు మార్గమున తేవర్ అను పల్లెగా ఉన్నది. ఇంత చిన్న పల్లె ఒకప్పుడు మధ్యభారతమున అధికభాగమును శాసించిన రాజధాని యనిన సంగతి దారిన పోవు యాత్రికునకు స్ఫురింపదు.

తేవర్‌ను దాటి ముందుకు పోయిన భేడాఘాట్ గుట్టపై చౌసఠ్ యోగినీ ఆలయము కలదు. మేము దర్శించినప్పుడు మమ్ము మొదట ఆకర్షించినది దాని ఆకృతి. మండపమును గాని శిఖరమును గాని కాక, గుండ్రని ప్రాకారమును ఆనుకొని లోపలివైపునకు తెరచియున్న చిన్న చిన్న గదుల వరుసనే అచట ప్రధానముగ చూడగలము. గదులు 81. వానియందలి యోగినుల ప్రతిమలు పెక్కులు భగ్నమైనవి. అయినను పీఠములపై 10వ శతాబ్ది లిపిలో చెక్కిన పేర్లు నిలిచియున్నవి. ఆవరణమున నున్న గౌరీశంకరాలయము తరువాతి కాలమునకు చెందినది. గయాకర్ణుని రాణి అల్హణదేవి, తన కుమారుడగు నరసింహుని పాలనాకాలమున, కలచురి శకము 907, అనగా 1155లో శివాలయమును, మఠమును కట్టించి, దాని నిర్వహణను పాశుపతాచార్యుడగు రుద్రరాశి కప్పగించెనని భేడాఘాట్ శాసనము తెలుపుచున్నది.

గోళకీ మఠము ఎచట నుండెడిది? పండితులలో రెండభిప్రాయములు కలవు. కలచురుల కట్టడములను గూర్చి 1931లో గ్రంథము ప్రకటించిన రాఖాలదాస్ బెనర్జీ, రీవా సమీపమునందలి గుర్గీ వైపు మొగ్గెను. 1955లో కలచురి శాసన సంపుటమును వెలువరించిన వాసుదేవ విష్ణు మిరాశీ, గోళమనగా గుండ్రనిది కనుక ఈ వర్తులాలయమునుబట్టియే మఠమునకా పేరు వచ్చెనని భావించెను. ఇరువురి వాదములును పేరును ఆశ్రయించుకొని యున్నవి. పేరు పోలిక ఒక్కటే చాలదని మా అభిప్రాయము. బాంధవగఢ్ కొండపై యువరాజదేవుని అమాత్యుడగు గొల్లకుడు చెక్కించిన శాసనములు కలవు. ధ్వని సామ్యమును మాత్రమే పాటించినచో ఆతని పేరును గూడ ఈ మఠముతో ముడివేయవలసి వచ్చును. అట్టి పద్ధతికి అంతముండదు.

కనుక గురువుల పేర్లను పోల్చి చూచుట మేలు. గుర్గీ, చంద్రేహే శాసనములందు కనవచ్చు పరంపర మత్తమయూర శాఖకు చెందినది. పురందరుడు, శిఖాశివుడు, ప్రభావశివుడు, ప్రశాంతశివుడు, ప్రబోధశివుడు అను వరుసలో సద్భావ శంభువు లేడు. మల్కాపురపు జాబితాయందు ప్రభావశివుడు లేడు. ఇక జబల్‌పురమున దొరకిన జయసింహుని శాసనమును తీసికొందము. ఇది కలచురి శకము 926, అనగా 1174 నాటిది. అందు శక్తిశివుడు గయాకర్ణునకును, కీర్తిశివుడు నరసింహునకును, విమలశివుడు జయసింహునకును గురువులుగా చెప్పబడిరి. మల్కాపుర శాసనమున శక్తి శంభువు, ఆయన పిమ్మట కీర్తి శంభువు, ఆయన పిమ్మట విమలశివుడు వరుసగా కనబడుదురు. విమలశివుని తరువాత ధర్మ శంభువు, ఆయన శిష్యుడు విశ్వేశ్వర శంభువు.

ఇట్టి పేర్లు శైవ సన్న్యాసులలో సామాన్యములే యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. ఒక్క పేరు కలిసినచో ఆ ఆక్షేపణకు బలముండును. మూడు పేర్లు, అదే వరుసలో, అదే దేశమున, అదే రాజవంశపు గురువులుగా కలియుట కాకతాళీయము కాదు. కాలగణనయు సరిపోవుచున్నది. 1174 నాటి విమలశివునకును 1261 నాటి విశ్వేశ్వర శంభువునకును నడుమ 87 సంవత్సరములు. మూడు గురుతరములకు అది ఎక్కువయు కాదు, తక్కువయు కాదు. కావున 12వ శతాబ్దిలో గోళకీ గురువులు త్రిపురి రాజాస్థానమున రాజగురువులుగా నుండిరని నిశ్చయింపవచ్చును. గుట్టపైనున్న వర్తులాలయమే మఠమని చెప్పుటకు ఈ సామ్యము చాలదు. చెప్పవలసిన అవసరమును లేదు. మఠమనగా కట్టడము మాత్రమే కాదు, గురుశిష్య సంతతి.

13వ శతాబ్ది తొలినాళ్ళలో కలచురుల ప్రాభవ మస్తమించినది. ఆశ్రయము సన్నగిల్లిన గురుకులమునకు దక్షిణమున కాకతీయుల ఆదరణ లభించుట సహజము. విశ్వేశ్వర శంభువు గౌడదేశమున రాఢలోని పూర్వగ్రామమునకు చెందినవాడు. గౌడుడు, డాహల గురువుల శిష్యుడు, ఆంధ్రరాజునకు దీక్షాగురువు: ఒక్క మనుష్యుని జీవితమున మూడు దేశములు కలిసినవి. ఆయన మందడముతో తృప్తినొందక కాళేశ్వరము, ఏలేశ్వరము మొదలగు క్షేత్రములందును ప్రతిష్ఠలు గావించెను. వానిలో ఏలేశ్వరము నాగార్జునసాగర జలాశయమున మునిగిపోయినది.

ఇక అడవుల మాట. కాన్హా 1955లోను, బాంధవగఢ్ 1968లోను జాతీయోద్యానములైనవి. వానిని వన్యమృగములకు మాత్రమే నెలవులుగా తలచుట మనకు అలవాటైనది. కాని బాంధవగఢ్ కొండపై గొల్లకుడు మత్స్య, కూర్మ, వరాహాది విష్ణుమూర్తులను మలపించెను. 2022లో భారత పురావస్తు శాఖవారు ఆ అరణ్యమున జరిపిన సర్వేక్షణలో 26 గుహలు, 26 దేవాలయ శిథిలములు, 2 మఠములు, 24 బ్రాహ్మీ శాసనములు వెలుగులోనికి వచ్చినవి. నేడు పులులు సంచరించు చోట ఒకనాడు బౌద్ధ భిక్షువులును, వారి తరువాత శైవ వైష్ణవ భక్తులును నివసించిరి. ఆ అడవిని కాపాడుట వలన మృగములతోపాటు శిలలును రక్షింపబడినవి.

కృష్ణాతీరమున పరిస్థితి వేరు. దానశాసనమున పేర్కొన్న వెలగపూడిలో 2016 నుండి ఆంధ్రప్రదేశ్ సచివాలయము పనిచేయుచున్నది. మందడము, మల్కాపురము రాజధాని ప్రాంతమున చేరినవి. అడవి చరిత్రను కప్పి కాపాడును. నగరము దానిని తవ్వి చెదరగొట్టవచ్చును, లేక తలకెత్తుకొనవచ్చును. ఈ రెంటిలో ఏది జరుగునన్నది మనపై నున్నది. భేడాఘాట్‌లో చూపరులకు గోళకీ పరంపర దక్షిణమునకు వచ్చిన విధమును, మల్కాపురమున ఆ పరంపర ఉత్తరమునుండి వచ్చిన విధమును తెలుపు ఏర్పాటు జరుగవలెను. జబల్‌పుర, మల్కాపుర శాసనముల మూలములను తెలుగు తాత్పర్యముతో ఒక్కచోట చేర్చి ప్రకటించుట విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు చేపట్టదగిన పని. ప్రసూతిశాలకు భూమినిచ్చిన శాసనమును చదివిన విద్యార్థి, ఆ ఆలోచన ఏ నదీతీరము నుండి నడచి వచ్చినదో గూడ ఎరుగవలెను.