ఎదురుగుట్ట

పొద్దున ఆరింటికే మోక బస్టాపు మేలుకుని ఉంది. హగరి ఏటి మీది నుంచి వచ్చే గాలి ఇంకా చల్లగానే ఉంది గానీ, అది ఎంతోసేపు నిలవదని ఇక్కడ అందరికీ తెలుసు. బజ్జీల బండి మీద బాణలి కాగుతోంది. తడిపి పిండిన బొరుగుల్లో తాలింపు, పుట్నాల పొడి పడి ఉగ్గాని తయారవుతోంది. పక్కనున్న పెద్దమనిషి కన్నడంలో అడిగితే బండి ఆవిడ కన్నడంలో, మా చిన్నాయన తెలుగులో అడిగితే తెలుగులో జవాబిస్తూ, ఇద్దరి చిల్లరా ఒకే డబ్బాలో వేస్తోంది.

"ఇంగో రొండు బజ్జీలు తినురా. కోట మీద ఏమీ దొరకదు. నీళ్ల బాటిల్ పెట్టుకున్యావా?"

పెట్టుకున్నాను. చిన్నాయన పుట్టింది, సేద్యం చేసింది అంతా మోకలోనే. బళ్లారి కోట మీదికి ఆఖరుసారి ఎప్పుడు ఎక్కారో ఆయనకే గుర్తులేదు. ఊళ్లో ఉన్న కోటను చూడ్డానికి చుట్టాలు రావాల్సిందే.

బస్సు కదిలింది. రెండు పక్కలా నల్లరేగడి. పత్తి చేలు ఏరడం అయిపోయి ఎండుకట్టెలుగా నిలబడి ఉన్నాయి. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, కిటికీలోంచి ఘాటు లోపలికి కొట్టి ముందుసీటు పిల్లవాడు తుమ్ములు మొదలుపెట్టాడు. ఇంత చదునైన నేల మీద ఉన్నట్టుండి గుట్టలు పుట్టుకొస్తాయి. మట్టి లేదు, చెట్టు లేదు, ఒట్టి బండల గుట్టలు. బళ్లారి ఇంకా కొద్ది మైళ్లు ఉందనగా సంగనకల్లు, కుప్పగల్లు గుట్టలు వస్తాయి. చిన్నాయన అటు తల తిప్పనైనా లేదు గానీ, నా దృష్టిలో కోటకంటే ఇవే ఘనమైనవి. నాలుగు వేల ఏళ్ల కిందట ఇక్కడ మనుషులు ఆవులను మేపారు, నల్లరాతిని చెక్కి గొడ్డళ్లు చేశారు, పేడ బూడిదను దిబ్బలుగా మిగిల్చి పోయారు. కుప్పగల్లు మీద వాళ్లు గీసిన మూపురపు ఎద్దులు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని బండలను రాయితో కొడితే గంటలాగా మోగుతాయి, కొట్టీ కొట్టీ వాటి మీద గుంటలు పడ్డాయి. బెండపూడి సుబ్బారావు ఇక్కడే తవ్వి చూసి బళ్లారి రాతియుగపు సంస్కృతుల మీద పుస్తకం రాశాడు, 1948లో అచ్చయింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఈ గుట్టలకు ఒక రోజంతా ఇవ్వాలి. ఇవాళ మాత్రం కోట.

బళ్లారిలో దిగి ఆటో ఎక్కేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఈ ఊరికి ఉన్నవి రెండే కాలాలు, ఎండాకాలం, ఇంకా ఎండాకాలం అని ఇక్కడివాళ్లే నవ్వుతుంటారు. మలుపు తిరగ్గానే ఎదురుగా గుట్ట. ఒకే రాయిని నేలలోంచి బయటికి నెట్టినట్టు బూడిదరంగులో నున్నగా ఉంది. నెత్తిన సన్నటి గీతలాగా గోడ. దూరం నుంచి చూస్తే ఎక్కడ కొండ ఆగి ఎక్కడ కట్టడం మొదలైందో తెలియదు.

కోటలు రెండు. మీది కోట విజయనగర రాజులకు కప్పం కట్టిన పాళెగాడు హనుమప్ప నాయకుడిది. గుట్ట మొదట్లో చుట్టుకుని ఉన్న కింది కోట హైదర్ అలీది. బళ్లారి అతని చేతికి వచ్చిన తీరు వింతగా ఉంటుంది. బళ్లారి పాళెగాడు ఆదోనిని ఏలుతున్న బసాలత్ జంగుకు కప్పం ఎగ్గొట్టి, నేను హైదరు మనిషినన్నాడు. ఆదోని నుంచి ఫ్రెంచి దొర లాలీతో సహా దండు వచ్చి కోటను ముట్టడించింది. పాళెగాడు కబురంపితే 1775లో హైదరు ఎవరూ ఊహించనంత వేగంగా వచ్చి ఆ దండును చెదరగొట్టాడు. అక్కడితో ఊరుకోక ఫిరంగులను కోట వైపు తిప్పి, కోట తానే పుచ్చుకున్నాడు. సాయానికి పిలిచిన చుట్టం ఇంటి తాళాలు మొలకు కట్టుకున్నట్టయింది.

కింది కోటలో ఇప్పుడు బళ్లు, చర్చి, గుళ్లు, ఇళ్లు. బురుజు నీడలో బైకులు నిలబెట్టి ఉన్నాయి. పాత గోడ పక్కన ఎవరో ఉతికిన చీరలు ఆరేశారు. తూర్పు వాకిలి దగ్గర ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని చిన్నాయన ఆగారు.

"ఇంజనీరు సమాధి ఈడనే అంటారు. దర్గా అని మొక్కేటోళ్లూ ఉన్నారు."

బళ్లారి వచ్చిన ఎవరికైనా మొదట చెప్పే కథ ఇదే. కింది కోట కట్టడానికి, మీది కోట బాగుచెయ్యడానికి హైదరు ఒక ఫ్రెంచి ఇంజనీరును పెట్టాడట. అంతా పూర్తయ్యాక చూస్తే పక్కనున్న కుంబార గుడ్డ కోటగుట్టకంటే ఎత్తుగా ఉంది. దాని మీద ఫిరంగులు పెడితే కోట పని సరి. హైదరుకు కోపమొచ్చి, ఇంజనీరును కోట వాకిట్లోనే ఉరి తీయించాడట. అతని పేరేమిటో కథలో ఎవరూ చెప్పరు. జిల్లా గెజెటీరు రాసిన తెల్లదొరలు కూడా దీన్ని 'అట' అనే రాసుకున్నారు.

ఇక ఎక్కడం. మొదట మెట్లు సుఖంగానే ఉన్నాయి. పక్కన పట్టుకోవడానికి గోడ ఉంది. కొంత పైకి వెళ్లాక మెట్లను బండలోనే తొలిచేశారు. వందల ఏళ్ల పాదాలకు నడిమి భాగం అరిగి పల్లంపడి ఉంది. ఆ పల్లంలో కాలు పెడితే సరిగ్గా కూచుంటుంది, అంచున పెడితే జారుతుంది. బండలు ఇప్పటికే వెచ్చబడ్డాయి. ఆనుకుందామని చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. ఒక తొండ మాత్రం ఆ వేడిలోనే తల ఎగరేస్తూ మమ్మల్ని చూస్తోంది.

"బిరబిరా నడువు. పది దాటితే బండ పెనం అయితాది."

మలుపు దగ్గర ఊపిరి కోసం ఆగితే ఆ ఆగిన చోటే చూడవలసింది దొరికింది. పక్క బండ మీద అడ్డంగా, గీత గీసినట్టు వరసగా గాళ్లు. ఒక్కొక్కటి బొటనవేలు పట్టేంత. గాడికీ గాడికీ మధ్య జానెడు కూడా లేదు. రాళ్లు కొట్టినవాళ్ల గుర్తులివి. ఉలితో ఇలా వరస తొలిచి, గాళ్లలో చీలలు దిగగొట్టి, ఒకదాని తర్వాత ఒకదాన్ని సమ్మెటతో మోదుకుంటూ పోతే బండ ఆ గీత వెంబడే పగులుతుంది. ఇక్కడ ఎందుకో గాళ్లు తొలిచి వదిలేశారు, రాయి పగలనే లేదు. పక్క బండకేమో సగం గాళ్లే ఉన్నాయి, అంచు కత్తితో కోసినట్టుంది. మిగతా సగాలు పైనున్న గోడలోకి వెళ్లాయి. అంటే ఈ కోటకు రాయి ఎక్కడి నుంచో మోసుకు రాలేదు, గుట్టనే కోసి గుట్ట మీద పేర్చారు. గోడలో రాళ్లు ఒకదానిలో ఒకటి ఇమిడేలా చెక్కి ఉన్నాయి, సున్నం కనిపించడం లేదు. నా బస్సు టికెట్టును సందులో దూర్చి చూశాను. కొన్నిచోట్ల దూరింది, కొన్నిచోట్ల దూరలేదు.

ఇంకొంచెం పైన, రెండు పెద్ద బండల నెర్రెలో నీళ్లు. ఆకుపచ్చగా, కదలకుండా. వాన నీరు బండ మీద జారి వచ్చి నిలబడేలా తొలిచిన దోనె ఇది. ఇలాంటివి మీద ఇంకా ఉన్నాయి. చుట్టూ ఎంత ఎండినా కోట బతికేది వీటి మీదే. ఎవరో అందులో ప్లాస్టిక్ సీసా పడేశారు. చిన్నాయన కర్ర వెతికి దాన్ని బయటికి లాగి, చంకన పెట్టుకుని నడిచారు.

మీది కోటకు దారి ఒక్కటే. ఆ ఒక్క వాకిలీ వంకర తిరిగి లోపలికి పోతుంది. ఏనుగుకైనా, దూలానికైనా పరుగెత్తి గుద్దడానికి చోటివ్వకుండా అలా కట్టారు. లోపల, శిఖరం మీద నాలుగు పలకల కట్టడం. ఇంత కొండ ఎక్కి చూస్తే ఇంతేనా అనిపించే మాట నిజం. ఓ పెద్ద దండు ఉండటానికి ఇక్కడ చోటే లేదు. కొద్దిమంది కావలి కాయడానికి, కింద పని చెడితే దొర ఒకడు తలుపు వేసుకుని కూచోవడానికి సరిపోతుంది. మైసూరు పాలకులు దీన్ని ఎవరూ గెలవలేరని నమ్మారు. 1800లో మాత్రం ఒక్క తూటా ఖర్చు లేకుండా, అప్పటికి దీన్ని చేతిలో ఉంచుకున్న నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన కాగితంతోనే ఇదీ చేతులు మారింది.

ఆ తర్వాత దీనికి దొరికిన పెద్ద ఉద్యోగం ఒకే ఒక్కడికి కాపలా. కర్నూలు నవాబుల ఇంటివాడు ముజఫర్ ఖాన్. 1823లో అన్న పోయాక గద్దె దక్కాల్సిన మనిషి. ఇంతలో భార్యను చంపాడు. కంపెనీవాళ్లు పట్టుకొచ్చి ఈ కొండ మీద పెట్టారు. కర్నూలు గద్దె సోదరుడు గులాం రసూల్ ఖాన్‌కు పోయింది. 1839లో ఆయుధాలు పోగుచేశాడని అతన్నీ దింపేసి కర్నూలును కలిపేసుకున్నారు. పైనున్నవాడికి దిగి వెళ్లడానికి రాజ్యమే లేకుండా పోయింది. 1858లో కంపెనీ పెత్తనమూ పోయింది. ఖైదు మాత్రం 1864 దాకా సాగింది. నలభై ఏళ్లకు పైగా. ఈ గచ్చు మీద పది నిమిషాలు నిలబడితేనే నీడ కోసం కళ్లు వెతుకుతున్నాయి. నాకు అతని మీద జాలి రాలేదు. ఆ భార్య పేరు ఏ పలక మీదా కనబడదు.

గోడ అంచుకు వస్తే గాలి చొక్కాను వీపుకు అంటగొట్టింది. కింద ఊరంతా పరుచుకుని ఉంది. నీళ్ల ట్యాంకులు, రైలు పట్టాలు, జీన్సులు కుట్టే సందులు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు పోటీపడి తెలుగు నాటకం ఆడించిన ఊరు ఇది. బళ్లారి రాఘవ ఇక్కడి నుంచే దేశం మీదికి వెళ్లాడు. పడమటి దిక్కున సండూరు కొండలు మసగ్గా ఉన్నాయి. తూర్పున హగరి ఆవల ఆంధ్ర. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి, బళ్లారి తాలూకా, దానితో మా మోక, మైసూరు వైపు వచ్చాయి. గీత ఎక్కడుందో ఇక్కడి నుంచి ఎంత చూసినా తెలియడం లేదు.

ఇక కుంబార గుడ్డ. వెతకనక్కర్లేదు, కళ్లకు అడ్డంగానే ఉంది. ఆగ్నేయం నుంచి చూస్తే మనిషి ముఖంలా కనిపిస్తుందని తెల్లవాళ్లు దీనికి ముఖం గుట్ట అని పేరు పెట్టారు. మధ్యలో ఊరు తప్ప అడ్డమేమీ లేదు. ఫిరంగి ఎలా పనిచేస్తుందో తెలియని నాకే ఇక్కడ నిలబడగానే వెన్ను చల్లబడింది.

అక్కడే ఇంజనీరు కథ నాకు కుదరలేదు. ఇంత పెద్ద గుట్టను కట్టడం మొదలైన రోజు చూడనివాడు పూర్తయ్యాక చూడటమేమిటి? పైగా హైదరు ఈ కోటను కట్టించకముందు కొట్టినవాడు. ఫిరంగులు ఎక్కడ పెడితే ఈ గోడలకు తగులుతాయని ఈ నేలంతా కలియదిరిగి ఉంటాడు. కోట లోపం ఏదో కోట మీదికి వచ్చినవాడికే ముందు తెలియాలి. ఉరి నిజమో కాదో గానీ, అన్ని యుద్ధాలు చేసినవాడికి గుట్ట కనబడలేదంటే నేను ఒప్పుకోను.

దిగేటప్పుడు ఒక బడి పిల్లల గుంపు ఎదురొచ్చింది. వాళ్ల మాస్టారు ఆయాసపడుతూనే కన్నడంలో ఇదే కథ చెబుతున్నారు. ఒక పిల్లవాడు వేలు చూపించి, ఆ గుట్టను కూడా కోటలో కలుపుకుంటే పోయేది కదా అన్నాడు. మాస్టారు అతన్ని గోడ అంచు నుంచి వెనక్కి లాగారు.

తూర్పు వాకిలి దగ్గర చిన్నాయన చంకలోని సీసాను చెత్తడబ్బాలో పడేసి, నా సందేహమంతా విని, చెప్పుల్లో రాయి దులుపుకున్నారు.

"హైదరుకు కండ్లు లేకనా? పని చేయించినోడు ఎప్పుడైనా తప్పు నాదే అన్యాడా? నాకు కాలవ లెవెలు తప్పు తీసిన మేస్త్రీని నేనేం తక్కువ తిట్టినానా, ఈడ తొవ్వు అని చూపించింది నేనే." తర్వాత గడియారం చూసుకుని, మోక బస్సుకు ఇంకా టయిముంది, చెరుకురసం తాగుదాం పా అన్నారు.