గర్భిణికి స్కానింగ్: వారాల లెక్క వెనుక చరిత్ర

హైదరాబాదు నగరంలో బషీర్‌బాగ్ అనే పేరు ఒకప్పటి తోటను, ఆ తోటలో వెలసిన మహలును స్మరింపజేస్తుంది. పైగా వంశీయుడు, నిజాము రాజ్యంలో ప్రధానమంత్రి పదవి నిర్వహించిన సర్ ఆస్మాన్ జా బషీరుద్దౌలా పేరు మీద ఆ తోట వెలసింది. నేడు ఆ మహలు లేదు. పేరు మాత్రం మిగిలి ఉన్నది. ఈ పేటకు చుట్టుప్రక్కల మరొక విధమైన ప్రసిద్ధి ఏర్పడింది. ఒక దిక్కున కింగ్‌కోఠి ప్రభుత్వ ఆసుపత్రి, మరొక దిక్కున బొగ్గులకుంటలో డాక్టర్ లూర్డ్స్ ఫెర్నాండెజ్ 1948లో నెలకొల్పిన ప్రసూతి వైద్యశాల, నాంపల్లి దాటగానే రెడ్‌హిల్స్‌లో స్త్రీలకూ శిశువులకూ నిర్మించిన నిలోఫర్ ఆసుపత్రి ఉన్నాయి. మీరు ఎక్కడ పుట్టారని అడిగితే, ఈ ఆసుపత్రులలో ఏదో ఒకదాని పేరు చెప్పే హైదరాబాదు వాసులు ఎందరో!

ఈ వైద్యశాలలకు వచ్చిన గర్భిణి తిరిగి వెళ్లేటప్పుడు ఆమె చేతి చీటీ మీద కొన్ని వారాల సంఖ్యలు వ్రాసి ఉంటాయి. పన్నెండు వారాల ప్రాంతంలో ఒక స్కానింగ్, పందొమ్మిది ఇరవై వారాలకు ఒకటి, అవసరమైతే నెలలు నిండే ముందు మరొకటి. యంత్రం అక్కడే ఉన్నది గదా, తీరిక చూసుకొని ఎప్పుడు వెళితే నేమి అని అత్తగారికో, భర్తకో సందేహం కలగడం సహజం. పండుగ వెళ్లిన తర్వాత చూద్దామనీ, పుట్టింటికి వెళ్లిన తర్వాత చేయించుకుంటుందిలే అనీ వాయిదా వేయడం కూడా తరచుగా జరిగే పనే. కాని ఆ సంఖ్యలు వైద్యులు తమ సౌకర్యం కొరకు వేసినవి కావు. ఒక్కొక్క సంఖ్య వెనుక కొన్ని దశాబ్దాల పరిశోధన ఉన్నది. ఒక దాని వెనుక చట్టం కూడా ఉన్నది. ఆ చరిత్రను క్లుప్తంగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ఇళ్లలో గర్భకాలాన్ని లెక్కించే పద్ధతి పూర్వం నుంచీ ఉన్నదే. నెల తప్పిన తిథిని పెద్ద ముత్తైదువ గుర్తు పెట్టుకునేది. సంక్రాంతికి ముందనో, ఉగాది వెళ్లిన పది రోజులకనో పండుగలే ఆనవాళ్లు. సీమంతం ఏ నెలలో జరపాలో, పురిటికి పుట్టింటికి ఎప్పుడు పంపాలో ఆ లెక్కతోనే నిర్ణయించేవారు. పాశ్చాత్య దేశాలలోనూ ఇంతకంటె మెరుగైన సాధనం చాలకాలం లేదు. చివరి బహిష్టు మొదటి దినానికి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి ప్రసవ దినాన్ని ఊహించే సూత్రానికి జర్మనీ వైద్యుడు నేగెలి పేరు నిలిచింది. 280 దినాలు, అనగా 40 వారాలు అనే లెక్క నేటికీ ఆ సూత్రం మీదనే ఆధారపడి ఉన్నది. తేదీ సరిగా జ్ఞాపకం లేకపోయినా, ఋతుక్రమం సవ్యంగా లేకపోయినా ఆ సూత్రం తప్పుతుంది. అప్పుడు వైద్యునికి మిగిలేవి రెండే: కడుపు మీద చేయి ఆనించి చూడడం, గొట్టం చెవికి ఆనించి శిశువు గుండె చప్పుడు వినడం.

ఇట్టి పరిస్థితిలో ప్రసవమంటే భయం అంతఃపురాలకు సైతం తప్పలేదు. ఏడవ నిజాము కోడలు నిలోఫర్ రాకుమారి ప్రియ పరిచారిక ఒకతె 1949లో ప్రసవ సమయంలో మరణించిందనీ, ఆ దుఃఖమే రెడ్‌హిల్స్ ఆసుపత్రికి బీజమైనదనీ చెబుతారు. ఆ కాలంలో గర్భంలో ఏమి జరుగుతున్నదో చూడవలెనంటే ఎక్స్‌రే ఒక్కటే మార్గం. ఆ మార్గం కూడా నిరపాయకరం కాదని త్వరలోనే తేలింది. గర్భకాలంలో ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల బిడ్డలకు కాన్సరు ఎక్కువగా వస్తున్నదని ఇంగ్లండులో డాక్టర్ ఆలిస్ స్టీవార్ట్ 1956లోనూ, మరింత విపులంగా 1958లోనూ వెల్లడించారు.

సరిగా ఆ సంవత్సరాలలోనే వేరొక మార్గం తెరచుకున్నది. స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతి శాస్త్రాచార్యుడు ఇయాన్ డోనాల్డ్ యుద్ధకాలంలో విమాన దళంలో పనిచేసినవాడు. లోహపు పలకలలో లోపలి పగుళ్లను ధ్వని తరంగాలతో కనిపెట్టే యంత్రం ఒకటి కర్మాగారాలలో వాడుకలో ఉన్నదని తెలిసి, 1955 జూలైలో శస్త్రచికిత్సలో తొలగించిన కంతులను, నీటితిత్తులను వెంటబెట్టుకొని ఆయన బాయిలర్లు తయారుచేసే కర్మాగారానికి వెళ్లాడు. గట్టి కంతి నుండి ఒక విధమైన ప్రతిధ్వని, నీరు నిండిన తిత్తి నుండి మరొక విధమైన ప్రతిధ్వని తిరిగి వచ్చాయి. తరువాత టామ్ బ్రౌన్ అనే యువ ఇంజనీరు, జాన్ మెక్‌వికార్ అనే వైద్యుడు ఆయనతో కలిశారు. 1958 జూన్ 7వ తేదీ లాన్సెట్ పత్రికలో ఆ ముగ్గురి వ్యాసం వెలువడింది. చికిత్సకు లొంగని కాన్సరు అని వదలివేసిన ఒక స్త్రీ కడుపులో ఉన్నది అండాశయపు నీటితిత్తి అని ఈ యంత్రమే తెలిపింది. శస్త్రచికిత్సతో ఆమె బ్రతికింది.

ఈ యంత్రం వాడే ధ్వని మనకు వినబడదు. మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకే గ్రహించగలదు. గర్భిణి పరీక్షలో వాడే అతిధ్వని సెకనుకు ఇరవై లక్షల నుండి యాభై లక్షల కంపనాలు గలది. యంత్రం క్షణంలో అతి స్వల్ప భాగం మాత్రమే ధ్వనిని పంపి, మిగిలిన సమయమంతా ప్రతిధ్వనికై వింటూ ఉంటుంది. దేహంలో ధ్వని సెకనుకు దాదాపు 1,540 మీటర్ల వేగంతో పోతుంది. కనుక ప్రతిధ్వని తిరిగి వచ్చేందుకు పట్టిన కాలాన్ని బట్టి ఏ పొర ఎంత లోతున ఉన్నదో తెలుస్తుంది. రేడియో పెట్టె ముందు కూర్చున్న మనవలెనే ఆ యంత్రం కూడా ప్రధానంగా వినేదే. విన్నదానిని బొమ్మగా మార్చి చూపుతుంది.

చూడగలగడం ఒక ఎత్తు. ఎప్పుడు చూడాలో తెలియడం మరొక ఎత్తు. మొదటి సంవత్సరాలలో నెలలు బాగా నిండిన శిశువు తల మాత్రమే స్పష్టంగా అందేది. మూత్రాశయం నిండి ఉన్నప్పుడు ప్రేగులు ప్రక్కకు తొలగి, దాని వెనుక గర్భసంచి విశదంగా కనిపిస్తుందని డోనాల్డ్ 1963 ప్రాంతంలో గమనించాడు. స్కానింగుకు ముందు నీరు త్రాగి రమ్మని చెప్పే ఆచారానికి మూలం ఇదే. ఆ కిటికీ తెరచుకోవడంతో తొలి వారాల గర్భం కూడా కంటికి అందింది.

1973లో గ్లాస్గోలోనే హ్యూ రాబిన్సన్ పిండాన్ని తల నుండి పిరుదు వరకు కొలిచి గర్భకాలం నిర్ణయించే పద్ధతి ప్రకటించాడు. మొదటి మూడు నెలలలో పొట్టి తల్లి బిడ్డ, పొడవైన తల్లి బిడ్డ, ధనికురాలి బిడ్డ, పేదరాలి బిడ్డ ఇంచుమించు ఒకే తీరున పెరుగుతారు. అందువలన అప్పటి కొలత అయిదారు రోజుల తేడాతో వయస్సును చెప్పగలదు. నెలలు గడిచిన కొద్దీ వంశం, ఆహారం, ఆరోగ్యం తమ ప్రభావం చూపుతాయి. చివరి మూడు నెలలలో తొలిసారి కొలిస్తే మూడు వారాల వరకు తేడా రావచ్చు. అప్పుడు బిడ్డ చిన్నదిగా కనిపిస్తే నెలలు తక్కువా, లేక పెరుగుదల కుంటుపడినదా అని తేల్చడం కష్టం. కాన్పు నెలలు నిండకముందు వచ్చిందా, గడువు దాటిపోయిందా అన్న ప్రశ్నకు కూడా జవాబు ఉండదు. మొదటి స్కానింగు పద్నాలుగు వారాలలోపే కావాలనడానికి ముఖ్య కారణం ఇదే. తరువాతి పరీక్షలన్నిటికీ అదే పునాది.

ఆ పునాది మీద రెండవ ప్రయోజనం 1992లో చేరింది. లండనులో నికొలైడిస్ బృందం పిండం మెడ వెనుక చేరే నీటి పొర మందాన్ని కొలిచి, డౌన్ సిండ్రోము వంటి స్థితుల అవకాశాన్ని అంచనా వేయవచ్చునని చూపింది. ఈ కొలతకు పదకొండు వారాల నుండి పదమూడు వారాల ఆరు రోజుల వరకే సమయం. ఆ తర్వాత ఆ నీరు సాధారణంగా ఇంకిపోతుంది; కొలతకు అర్థం ఉండదు.

ఇరవై వారాల పరీక్షకు మూలం 1972 నాటిది. లండనులో స్టూవర్ట్ కాంప్‌బెల్ పదిహేడు వారాల గర్భంలో కపాలం ఏర్పడని శిశువును గుర్తించాడు. మెదడు, వెన్నెముక, గుండెలోని నాలుగు గదులు, మూత్రపిండాలు విడివిడిగా పోల్చుకునేంత పెరగాలంటే సుమారు పద్దెనిమిది వారాలు నిండాలి. అంతకు ముందు చూస్తే గుండె మరీ చిన్నది. మరీ ఆలస్యమైతే ఎముకలు గట్టిపడి నీడలు పడతాయి, శిశువు కదిలేందుకు చోటు తగ్గుతుంది. పద్దెనిమిది నుండి ఇరవై రెండు వారాలు అన్న గడువు ఇట్లా కుదిరింది. మన ఆసుపత్రులలో దీనినే టిఫా స్కానింగు అంటారు.

అయితే ప్రతి గర్భిణికీ ఈ పరీక్ష అవసరమా అన్న వాదం చాలకాలం నడిచింది. 1990లో ప్రకటించిన హెల్సింకీ పరిశీలనలో అందరినీ పరీక్షించిన చోట శిశుమరణాలు తగ్గాయి. 1993లో అమెరికాలో పదిహేను వేల మందికి పైగా స్త్రీలతో జరిగిన పరిశీలనలో అట్టి లాభం కనిపించలేదు. వాదప్రతివాదాల అనంతరం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రతి గర్భిణికీ ఇరవై నాలుగు వారాలలోపు ఒక స్కానింగు జరగాలని సిఫారసు చేసింది.

మన దేశంలో ఈ గడువుకు చట్టం మరొక బిగువు చేర్చింది. 1971 నాటి గర్భస్రావ చట్టం ఇరవై వారాలను హద్దుగా పెట్టింది. శిశువు గుండె స్పష్టంగా కనిపించేది పద్దెనిమిది, ఇరవై వారాల నడుమనే. అనగా లోపం తెలిసిన తల్లిదండ్రులకు ఆలోచించుకునేందుకు కొన్ని దినాలు మాత్రమే దక్కేవి. 2008లో ముంబయికి చెందిన ఒక దంపతుల జంటకు శిశువు గుండె లోపం ఇరవై నాలుగవ వారంలో తెలిసింది. వారు హైకోర్టును ఆశ్రయించినా అనుమతి లభించలేదు. ఆ వ్యాజ్యం దేశమంతటా చర్చకు దారితీసింది. 2021లో సవరించిన చట్టం కొన్ని వర్గాల స్త్రీలకు ఇరవై నాలుగు వారాల వరకు అవకాశం ఇచ్చింది. తీవ్రమైన శిశు లోపాలు ఉన్నట్లు వైద్య మండలి నిర్ధారిస్తే ఆ హద్దు వర్తించదు.

వెలుగు వెంట నీడ కూడా వచ్చింది. గుండెను చూపే యంత్రమే ఆడో మగో కూడా చూపుతుంది. 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం వచ్చి, 1996 జనవరి 1 నుండి అమలైంది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 975 మంది ఆడపిల్లలు ఉండగా, 2001లో 961 మందికి, 2011లో 939 మందికి తగ్గిపోయారు. గర్భిణిని పరీక్షించే ప్రతి కేంద్రమూ ఫారం-ఎఫ్ నింపి ఉంచాలని చట్టం ఆదేశం. అందులో గర్భం ఎన్ని వారాలదో, ఆమెకు ఇదివరకు ఆడపిల్లలెందరో, మగపిల్లలెందరో వ్రాయాలి. 2004-05 ప్రాంతంలో హైదరాబాదు జిల్లా కలెక్టరు అరవింద్ కుమార్ నగరంలోని కేంద్రాల నుండి ఈ పత్రాలను తెప్పించి తనిఖీ చేయించారు. నింపని పత్రాలు, సగం నింపిన పత్రాలు బయటపడ్డాయి; కేంద్రాలపై చర్యలు తీసుకున్నారు. కారణం లేని వారంలో జరిగిన పరీక్ష, అందునా ఇద్దరు ఆడపిల్లల తల్లికి జరిగిన పరీక్ష, తనకు తానే ప్రశ్న వేస్తుంది. వారాల లెక్క ఇక్కడ సాక్షిగా నిలిచింది.

ఇంతకాలం ఇరవై వారాల పరీక్ష డబ్బు చెల్లించగల కుటుంబాలకే సులభంగా అందేది. 2022 నవంబరులో తెలంగాణ ప్రభుత్వాసుపత్రులకు 56 టిఫా యంత్రాలు సమకూర్చినట్లు హైదరాబాదులోని పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి వేదికగా ప్రకటించారు. యంత్రం దగ్గరికి వచ్చింది. ఇక మిగిలినది సమయానికి వెళ్లడం. ఇరవై నాలుగవ వారంలో వచ్చిన గర్భిణికి ఎంత మంచి యంత్రమైనా, ఎంత నేర్పరి వైద్యుడైనా పోయిన వారాలను తిరిగి తీసుకురాలేరు.

కనుక గృహిణులు, ఇంటి పెద్దలు మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు. నెల తప్పిందని తెలిసిన వెంటనే ఆ తేదీని వ్రాసి ఉంచాలి. పద్నాలుగు వారాలలోపు మొదటి స్కానింగు, పద్దెనిమిది నుండి ఇరవై వారాల నడుమ రెండవది జరిగేటట్లు చూడాలి. ఆపై మాయ క్రిందికి ఉన్నదనో, పెరుగుదల చాలదనో వైద్యులు చెప్పినప్పుడు నెలలు నిండే ముందు మరొకసారి వెళ్లాలి. స్కానింగు అన్ని లోపాలనూ పట్టుకోలేదు. అది అభయపత్రం కాదు. అయినా సకాలంలో దొరికిన సమాచారం తల్లికి ఊరటనో, సరైన ఆసుపత్రిని ఎంచుకొనే వ్యవధినో ఇస్తుంది. సీమంతానికి ముహూర్తం పెట్టుకునే శ్రద్ధతోనే ఈ రెండు తేదీలను కూడా ఇంటి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవడం మంచిది.