వాన లెక్కకు ఒకే కప్పు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు మన పెద్దలు. రెండో దాని మాట అటుంచితే, మొదటి దాన్ని ముందుగా తెలుసుకోవడానికే మన దేశంలో ఒక ప్రభుత్వ శాఖ 1875 నుంచి పాటుపడుతోంది. ఆ శాఖ కట్టుబాటు ఎలా ఏర్పడిందో బెంగుళూరు వైపు నుంచి చూద్దాం.

1864లో పెద్ద తుఫాను కలకత్తాను దెబ్బతీసింది. రెండేళ్లు తిరగకుండానే ఒరిస్సాలో వానలు లేక కరువు వచ్చింది. అప్పటికి వాతావరణ పరిశీలన ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకునే పని. తుఫానుకు ఎల్లలు తెలియవు కదా! 1875లో ఈ పనినంతా ఒక్క అధికారి కిందికి తెచ్చి, బ్లాన్‌ఫర్డ్‌ను నియమించారు. మరుసటి ఏడాదే దక్షిణాదిని ధాత కరువు పట్టుకుంది. మైసూరులోనూ రాయలసీమలోనూ జనం లక్షల్లో పోయారు. ఋతుపవనాన్ని ముందే పసిగట్టాలనే తహతహ దానితో పెరిగింది. హిమాలయాల మీద మంచును బట్టి వానను అంచనా కట్టే ప్రయత్నం బ్లాన్‌ఫర్డ్ మొదలుపెట్టాడు.

మైసూరు సంస్థానం మాత్రం 1890లలో సొంత వాతావరణ విభాగం పెట్టుకుంది. దాన్ని చూసినవాడు బెంగుళూరు సెంట్రల్ కాలేజీ ప్రిన్సిపాలు జాన్ కుక్. బెంగుళూరు, మైసూరు, హాసన్, చిత్రదుర్గాలలో పరిశీలన కేంద్రాలు వెలిశాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మద్రాసులో భారమితి పాదరసం సుమారు 76 సెంటీమీటర్లు నిలిస్తే, సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తున ఉన్న బెంగుళూరులో 68 దగ్గరే ఆగుతుంది. అది చూసి బెంగుళూరు మీద వాయుగుండం ఉందనుకుంటే నవ్వులపాలే! ఆ అంకెను సముద్రమట్టానికి సరిచేసి పంపాలి. వేళ కూడా అందరికీ ఒకటే ఉండాలి. ఇప్పుడు దేశమంతటా ఉదయం 8:30కి వర్షమాపకంలోని నీళ్లు కొలుస్తారు. ఇలా ఒకే పద్ధతిలో చూసి, ఒకే చోటికి పంపకపోతే పటం గీయడమే కుదరదు. సంస్థానం విభాగం వేరైనా, లెక్క వేరు కావడానికి వీల్లేదన్నమాట.

అందుకే కాబోలు, మన రాజ్యాంగం వాతావరణ సంస్థలను కేంద్రం జాబితాలో పెట్టింది. కలకత్తా, సిమ్లా, పుణే తిరిగిన ప్రధాన కార్యాలయం 1944లో ఢిల్లీ చేరింది. అక్కడ డైరెక్టర్ జనరల్ ఉంటారు. టిబెట్ వేడికీ ఋతుపవనానికీ లంకె వేసే తూర్పు జెట్ గాలిని వెలికి తీసిన మన తెలుగువాడు పంచేటి కోటేశ్వరం గారు కూడా ఆ పీఠం మీద కూర్చున్నవారే. కింద ఆరు ప్రాంతీయ కేంద్రాలున్నాయి. బెంగుళూరు, హైదరాబాదు కేంద్రాలు రెండూ చెన్నై ప్రాంతీయ కేంద్రం పరిధిలోవే. 2006 నుంచి శాఖ మొత్తం భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద ఉంది.

పరికరాల సంగతిలో అన్నా మణి పేరు తలవాలి. బెంగుళూరులో సి.వి. రామన్ దగ్గర పరిశోధన చేసిన ఆమె 1948లో పుణేలో ఈ శాఖలో చేరారు. సుమారు వంద పరికరాల నమూనాలు ప్రమాణీకరించి, మన దేశంలోనే తయారయ్యేలా చేశారు. 1976లో పదవీ విరమణ అయ్యాక బెంగుళూరులో గాలినీ ఎండనూ కొలిచే పరికరాల కర్మాగారం పెట్టారు.

అయితే చెప్పేది కేంద్రం, వినవలసింది ఊరు. సేద్యం రాష్ట్రం జాబితాలోది. జనాన్ని ఖాళీ చేయించేది కలెక్టరు, తహసీల్దారు. ఈ రెంటి మధ్య దారి తెగితే ఏమవుతుందో 1977 నవంబరు 19న దివిసీమ చూసింది. ఆ ఉప్పెనలో సుమారు పది వేల మంది పోయారు. 1990 మే నెలలో అంతటి తుఫానే మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి లక్షలాది జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యికి లోపే. అప్పటికి ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా చెన్నై నుంచి తీరంలోని రిసీవర్లకు హెచ్చరిక నేరుగా చేరే ఏర్పాటు వచ్చింది. సైరను మోగి, తెలుగులోనే మాట వినబడేది.

సముద్రానికి దూరంగా ఉన్న కర్ణాటక రైతుకు భయం తుఫాను కాదు, అనావృష్టి. 1988లో ఆ రాష్ట్రం బెంగుళూరులో కరువు పర్యవేక్షణ విభాగం పెట్టుకుంది. అదే నేటి ప్రకృతి విపత్తుల పర్యవేక్షణ కేంద్రం. గ్రామ పంచాయతీల్లో పెట్టిన వర్షమాపకాలు తమంతట తామే లెక్క పంపుతాయి. రైతు ఫోను చేసి తన ఊరి వాన కబురు కన్నడంలో అడిగి తెలుసుకోవచ్చు.