గడప దాటే ముందు: ఆయుధ చట్టంలో సోదా అధికారం, పౌరుని హక్కు

సూరత్ నగరపు పాత కోట తపతీ నదికి ఒక ఒడ్డున ఉండగా, అడాజన్ ఆవలి ఒడ్డున ఉన్నది. ఒకనాడు గ్రామమైన ఈ ప్రాంతం నేడు ఇళ్లతో, అంగళ్లతో నిండిన పేట. ఇక్కడి గృహస్థుడెవరైనా ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోదలిస్తే లైసెన్సు కోసం నగర పోలీసు కమిషనరును ఆశ్రయించాలి. పోలీసు కమిషనరు ఉన్న ప్రాంతాలలో జిల్లా మేజిస్ట్రేటు అంటే కమిషనరే అని 1959 నాటి ఆయుధ చట్టం నిర్వచించింది. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ నగరవాసులకూ ఇదే వర్తిస్తుంది. లైసెన్సు ఇచ్చేదీ, అనుమానం కలిగితే ఇంటికి వచ్చేదీ ఒకే శాఖ అయినప్పుడు, పోలీసు ఏ అధికారంతో గడప దాటవచ్చుననే ప్రశ్నకు ప్రాముఖ్యం పెరుగుతుంది. ఆ ప్రశ్నకు సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది.

ఇంటిలోని ఆయుధానికి ఎంత విలువ ఉండగలదో సూరత్ 1664 జనవరిలోనే చూసింది. శివాజీ సేనలు నగరంపై పడినప్పుడు మొగలు అధికారి ఇనాయత్ ఖాన్ కోటలో తలదాచుకున్నాడు. రక్షణ కరువైన వర్తకుల ఇళ్లు దోపిడికి గురైనాయి. జార్జ్ ఆక్సెండెన్ నాయకత్వంలో ఆయుధాలు పట్టిన ఆంగ్లేయుల వర్తక స్థావరం మాత్రం నిలిచింది. పాలకుడు కాపాడలేని చోట ఆయుధమున్న ఇల్లు దక్కిందని, లేని ఇల్లు దక్కలేదని ఈ ఘటన చాటింది.

రెండు శతాబ్దాల అనంతరం అదే ఆంగ్లేయులు పాలకులై, 1857 తిరుగుబాటు మిగిల్చిన భయంతో ప్రజల చేతులలోని ఆయుధాలపై ఆంక్షలు విధించారు. లిట్టన్ ప్రభువు కాలంలో వచ్చిన 1878 ఆయుధ చట్టం భారతీయులకు లైసెన్సును తప్పనిసరి చేసి, ఐరోపీయులకు మినహాయింపునిచ్చింది. ఈ వివక్ష దేశాభిమానులను గాయపరచింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభ ఈ చట్టాన్ని సవరించాలని తీర్మానించింది. 1918లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో సైనికులను చేర్పించడానికి తిరిగిన గాంధీజీ సైతం, ఒక జాతిని నిరాయుధం చేసిన ఈ శాసనాన్ని బ్రిటిషు పాలన చేసిన ఘోరమైన అపచారాలలో ఒకటిగా పరిగణించారు.

నిరాయుధీకరణ పాలకులకు కోరిన భద్రతను ఇచ్చిందా? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం మన్యంలోని చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడి చేసి తుపాకులను తీసుకుపోయింది. ఇళ్లను నిరాయుధం చేసిన ప్రభుత్వానికి తన ఠాణాలే తిరుగుబాటుదారుల ఆయుధాగారాలుగా మారడం చరిత్రలోని చమత్కారం.

అయితే ఆ కఠిన శాసనంలోనూ గమనించదగిన నిబంధన ఒకటి ఉన్నది. ఒకని వద్ద ఆయుధాలు దుష్ప్రయోజనానికి ఉన్నాయని గాని, అతని వద్ద వాటిని ఉండనిస్తే ప్రజాశాంతికి ముప్పని గాని మేజిస్ట్రేటు నమ్మితే, ఆ నమ్మకానికి కారణాలను ముందుగా వ్రాసి, ఆ తరువాతనే ఇల్లు సోదా చేయించాలని 25వ సెక్షన్ విధించింది. స్వతంత్ర భారత పార్లమెంటు 1959లో చేసిన చట్టం 22వ సెక్షన్‌లో ఈ నియమాన్నే నిలుపుకున్నది. సోదా మేజిస్ట్రేటు గాని, ప్రత్యేకాధికారం పొందిన అధికారి గాని స్వయంగా జరపాలి, లేదా వారి సమక్షంలో జరగాలి. లైసెన్సు ఉన్న ఆయుధాన్ని కూడా అవసరమైనంత కాలం భద్రపరచే అధికారం దీనిలో ఉన్నది. కనుక లైసెన్సు సోదాను అడ్డగించే కవచం కాదు. పౌరునికి రక్షణ ఆ వ్రాతలో ఉన్నది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. లైసెన్సుదారుని ఆయుధం తెచ్చి చూపమని లైసెన్సు అధికారి కోరవచ్చు. ఆయుధం ధరించి తిరిగే వ్యక్తిని లైసెన్సు చూపమని పోలీసు అధికారి అడగవచ్చు. ఆయుధాన్ని భద్రంగా దాచడం లైసెన్సుదారుని బాధ్యత. ఇల్లు సోదా చేయడం వీటికి మించిన చర్య. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సోదాను దృశ్య, శ్రవణ మాధ్యమాలలో నమోదు చేయాలని ఆదేశించింది. స్థానిక పెద్దమనుషులు సాక్షులుగా ఉండడం, గృహస్థుని సమక్షం, జప్తు జాబితా ప్రతి అతనికి ఇవ్వడం పాత స్మృతిలోనూ ఉన్నవే. లైసెన్సును నిలిపివేసినా, రద్దు చేసినా అధికారి కారణాలు వ్రాయాలి. అప్పీలు మార్గమూ ఉన్నది.

ఈ నియమాలకు తరచు పరీక్ష ఎదురయ్యేది ఎన్నికల వేళ. పంట కాపలాకు నాటు తుపాకీ ఉంచుకున్న రైతు మొదలు నగరంలోని వర్తకుని వరకు అందరినీ ఆయుధాలు ఠాణాలో అప్పగించమనడం కొన్ని చోట్ల ఆనవాయితీ అయింది. బొంబాయి హైకోర్టు 2009లో దీనిని పరిశీలించి, అందరికీ ఒకే ఉత్తర్వు తగదని, ఒక్కొక్కరి విషయాన్ని విడిగా తూచాలని చెప్పింది. ఎన్నికల సంఘం సూచనల మేరకు ఇందుకు జిల్లాలలో పరిశీలక సంఘాలు పనిచేస్తాయి.

అమెరికాలో ఆయుధధారణ 1791 నుండి రాజ్యాంగ హక్కు. ఇంటిలోని తుపాకీని విడదీసి గాని, తాళం బిగించి గాని ఉంచాలన్న వాషింగ్టన్ నగర నియమాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2008లో కొట్టివేసింది. కెనడా 1995లో మధ్యేమార్గం ఎంచుకున్నది: తనిఖీకి ముందస్తు సమాచారంతో పాటు గృహస్థుని సమ్మతి ఉండాలి, లేదా వారంటు ఉండాలి. భారతదేశంలో ఆయుధధారణ ప్రాథమిక హక్కు కాదని మన సుప్రీంకోర్టు 2023లో గుర్తుచేసింది. తుపాకీపై హక్కు పరిమితమైనదైనా, కారణం లేని సోదా నుండి రక్షణ పొందే హక్కు పరిమితం కాలేదు. ఆయుధమున్న ఇంటికీ, ఆయుధం లేని ఇంటికీ అది సమానమే. అధికారి కలం నుండి కారణం వెలువడిన తరువాతనే అతని అడుగు గడప దాటాలి. 1878 నాటి పరాయి పాలకులే అంగీకరించిన ఈ నియమాన్ని మన కార్యాలయాలు సడలించడానికి వీలు లేదు.